నా నంబరులో కాపురముంటున్న టిండ్యేబ్వా గారికి

ఒసియెరా, కుమి,
ఫిబ్రవరి 6.

నా నంబరులో కాపురముంటున్న శ్రీ ఎలిఫాజ్ టిండ్యేబ్వా గారికి,

పెలజియా అమురోన్ నమస్కరించి రాసేది. మీరెవరో నాకు తెలియదు. అయినా మీ గురించి నాకు తెలియని విషయం లేదు. ఎలాగో చెబుతాను, కోప్పడకండి. కోపం మీ రక్తపోటుకి మంచిది కాదట.

నేను కుండలు చేసుకుని బతికే మనిషిని. వయసు అరవై తొమ్మిది. కుడి కన్ను చిన్నప్పుడు తట్టు పోసినప్పుడే పోయింది. ఉన్న ఒక్క ఎడమ కంటికీ శుక్లం కమ్మేసింది. కుండ గుండ్రంగా వస్తోందో లేదో ఇప్పుడు చేత్తో తడిమి చూసుకుంటున్నాను. మా మిషన్ ఆసుపత్రికి కంటి డాక్టర్లు వచ్చారనీ, ఈస్టరు దాకా ఉండి ఆపరేషన్లు చేస్తారనీ తెలిసి పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. గుమాస్తా నా కార్డు మీది నంబరు కొట్టి, "అమ్మా, మీరు మగవాళ్లు" అన్నాడు.

"బాబూ, చూపు తగ్గింది నాకు కదా" అన్నాను.

"ఈ నంబరు ఎలిఫాజ్ టిండ్యేబ్వాది. ఊరు కబాలే, దేశానికి అవతలి కొసన. వయసు అరవై ఆరు. భార్య కెజియా. ఎడమ కంటికి ఆపరేషన్ రెండేళ్ల కిందటే అయిపోయింది. అయిన కంటికి మళ్లీ చెయ్యరు."

"నేను ఆయన్ని కాదయ్యా!"

"అయితే ఇక్కడ వేలు పెట్టండి."

పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. గుమాస్తా ముక్కు గోక్కున్నాడు. "నిజమే. మీరు టిండ్యేబ్వా కూడా కాదు" అన్నాడు.

అంటే నంబరు ప్రకారం నేను మీరట. వేలు ప్రకారం మీరు కూడా కాదట. కొత్త సంవత్సరంలో దేశంలోని జాబితాలన్నీ ఒక్క కంప్యూటర్లో కలిపేశారనీ, మీదీ నాదీ ఒకటే వేలిముద్రని తేల్చి యంత్రం ఇద్దర్నీ ఒక మనిషిగా కట్టేసిందనీ అతనే చెప్పాడు. "ఒకటే ముద్రయితే ఎర్రదీపం ఎందుకు వెలిగింది నాయనా?" అని అడిగాను. "ఆ ప్రశ్నకి మా దగ్గర ఫారం లేదు" అన్నాడు.

ఫోనులో ఫిర్యాదు చేశాను. ఏ నంబరు నుంచి ఫిర్యాదు చేశానో ఆ నంబరునే ఆపేశారు. అందుకే ఈ ఉత్తరం. మీ భాష నాకు రాదు, నా భాష మీకు రాదు కాబట్టి బడిలో నేర్చిన ఇంగ్లీషులో కష్టపడి రాయడం. దయచేసి నా నంబరు ఖాళీ చేసి వెళ్లండి.

ఇట్లు,
మీరు కాని
పెలజియా అమురోన్.

తా.క.: గుమాస్తా మీ ఫైలంతా పైకి చదివాడు. లైన్లో ఉన్నవాళ్లందరూ మీ మూలశంక గురించి చాలా జాలిపడ్డారు. వెనకాల నిలబడ్డ ఒకావిడ బొప్పాయి తినమని చెప్పమంది.

—

న్యాకిషోరో గుట్ట, కబాలే,
ఫిబ్రవరి 15.

నా పేరును అనుమతి లేకుండా వాడుకొనుచున్న శ్రీమతి పెలజియా అమురోన్ గారికి,

మీ లేఖ అందినది. ఇందుమూలముగా మీకు తెలియజేయునది ఏమనగా, నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి రిటైరైన గౌరవనీయుడిని. ఇక్కడి చర్చిలో పాటల బృందానికి పెద్దని. మీ ముఖము నేనెన్నడూ చూసి ఎరుగను. మీరు నా నంబరులోంచి తక్షణమే వైదొలగవలెను.

ఖాళీ చేయమని నాకు చెబుతున్నారా మీరు? నా సంగతి వినండి. కిందటి నెలలో నా ఫోను ఆగిపోయింది. కంపెనీ దుకాణానికి వెళితే ఆ అమ్మాయి, "ఒకే మనిషి పన్నెండు లైన్లు పెట్టుకుంటే ఎలా తాతగారూ?" అంది. నాకున్నది ఒక్క ఫోను. దానికి కూడా అయిదో అంకె మీట ఊడిపోయింది. మిగతా పదకొండూ ఎక్కడివమ్మా? కుమి నుంచట! పదకొండు ఫోన్లతో మీరు కుండలు చేస్తున్నారా?

అంతటితో అయిపోలేదు. మఫ్తీలో ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చి, అంబలి ఇస్తే తాగి, "జనవరి ఇరవయ్యో తారీకున కుమి పశువుల సంత మైదానంలో ప్రతిపక్షం సభకి ఎందుకు వెళ్లావు?" అని అడిగారు.

"ఆ రోజు మా మేనల్లుడి పెళ్లిలో పాడుతున్నానండీ. నూట యాభై మంది విన్నారు" అన్నాను.

"అది మాకూ తెలుసు. రెండు చోట్లా ఒకేసారి ఎలా ఉన్నావో అది రాసివ్వు" అన్నారు.

రెండు పేజీలు రాసిచ్చాను. ఏం రాశానో నాకే తెలియదు.

ఇట్లు,
అసలు సిసలైన
ఎలిఫాజ్ టిండ్యేబ్వా.

తా.క.: మీ ఉత్తరం ముందు మా ఆవిడ కెజియా చేతికి అందింది. మూలశంక సంగతి నేనింకా ఆవిడకి చెప్పలేదు. "నాకు తెలియనిది కుమిలో ఉన్న ఆవిడకి ఎలా తెలిసింది?" అని మూడు రోజులుగా అడుగుతోంది.

—

ఒసియెరా, కుమి,
ఫిబ్రవరి 24.

తమ్ముడు టిండ్యేబ్వాకి,

నువ్వు నాకన్నా మూడేళ్లు చిన్న. నీ ఫైల్లో పుట్టినరోజు కూడా ఉంది. అందుకని ఇక గారూ గీరూ మానేస్తున్నాను.

సభకి వెళ్లింది నేనే. రాజకీయాలకి కాదు తమ్ముడూ, కుండలు అమ్మడానికి. సభ ఎవరిదైనా జనానికి దాహం వేస్తుంది, కూజా కొంటారు. ముందు నెలలో అధికార పక్షం సభకి కూడా వెళ్లాను. దాని గురించి ఎవరూ అడగలేదా? అడిగితే ఆ సభలోనే ఎక్కువ అమ్ముడయ్యాయని చెప్పు, సంతోషిస్తారు. పదకొండు ఫోన్ల మాట నాకు అంతుపట్టలేదు. నాకూ ఉన్నది ఒక్కటే.

బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. ప్రభుత్వం మనిద్దరికీ కలిపి ఒకే మనిషిని ఇచ్చింది కాబట్టి పంచుకుందాం. సోమ, బుధ, శుక్రవారాలు నువ్వు మనిషిగా ఉండు. మంగళ, గురు, శనివారాలు నేను ఉంటాను. ఆదివారం ఇద్దరం చర్చిలోనే ఉంటాం, ఆ రోజు ఎవరూ ఉండక్కర్లేదు. నా వంతు రోజున నువ్వు ఏ ఆఫీసుకీ వెళ్లకు, ఏ సభకీ వెళ్లకు, జబ్బు పడకు.

ఇంకొక్క సాయం. ఎడమ కంటి ఆపరేషన్ ఆ నంబరు మనిషికి జరగలేదని ఆసుపత్రికి ఒక్క ముక్క రాసి పంపు. నిన్న పొయ్యి దగ్గర నిప్పుని బూడిద అనుకుని చెయ్యి పెట్టాను. ఈస్టరు దగ్గరికొచ్చేస్తోంది.

ఇట్లు,
మంగళ, గురు, శనివారాల
పెలజియా అక్క.

తా.క.: కెజియాకి నా నమస్కారాలు. నాకు ముందు పళ్లు నాలుగు లేవనీ, పందొమ్మిదేళ్లుగా విధవరాలిననీ, ఇప్పుడు కొత్తగా మగవాడు అవసరం లేదనీ చెప్పు. ఉన్న నిన్ను ఎలా వదిలించుకోవాలో తెలియక చస్తున్నాను.

—

న్యాకిషోరో గుట్ట, కబాలే,
మార్చి 4.

శ్రీమతి అమురోన్ గారికి,

మీరు చెప్పినట్టే ఆసుపత్రికి రాశాను. "కుమిలో మీ ముందుకు వచ్చిన ఎడమ కన్ను నా ఎడమ కన్ను కాదు" అని స్పష్టంగా రాసి సంతకం పెట్టాను. దాని ఫలితం ఇదిగో. శుక్రవారం, అనగా నా వంతు రోజే, రక్తపోటు మాత్రల కోసం ఇక్కడి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. నర్సు ఫైలు తెరిచి చాలా మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టింది. "తన కన్ను తనది కాదంటున్నాడు, మనసు కుదుటపడే మందు ఇవ్వవలెను" అని ఎవరో ఎక్కించారట.

అది కూడా సహించేవాణ్ణి. ఆ తరవాత ఆవిడ, "కవలలు ఎలా ఉన్నారు?" అంది.

"ఏ కవలలమ్మా?"

"నవంబరులో కుమిలో ప్రసవించారు కదా. మూడో టీకాకి తీసుకురాలేదేం? పాలు సరిగ్గా పడుతున్నాయా?"

పక్కన బల్ల మీద కెజియా కూర్చుని ఉంది! ఇంటికి రాగానే గుడ్డలు మూట కట్టుకుని వాళ్ల అన్న ఇంటికి వెళ్లిపోయింది. ఊళ్లో వాళ్లు నన్ను కవలల తండ్రి అని పిలవాలా, తల్లి అని పిలవాలా అని పందేలు వేసుకుంటున్నారు.

పళ్లు లేవన్నారు. విధవరాలినన్నారు. అరవై తొమ్మిదేళ్లన్నారు. నమ్మాను. అమ్మా, ఈ వయసులో మీరు కవలల్ని కని, ఆ సంగతి రెండు ఉత్తరాల్లో దాచిపెట్టడం న్యాయమేనా?

ఇట్లు,
భార్య లేని
ఎలిఫాజ్ టిండ్యేబ్వా.

తా.క.: ఇంతకీ మగపిల్లలా, ఆడపిల్లలా? మా వదినగారు అడిగి చెప్పమన్నారు.

—

ఒసియెరా, కుమి,
మార్చి 12.

నోటికి అదుపు లేని తమ్ముడికి,

నీ ఉత్తరం కళ్లజోడు, భూతద్దం రెండూ పెట్టుకుని చదివాను. నేను తప్పు చదివానేమోనని మా పాస్టరు చేత మళ్లీ చదివించాను. ఆ తప్పు చెయ్యకుండా ఉండాల్సింది. ఆయన నన్ను కవలల సంగతి నిజం చెప్పమన్నాడు! అరవై తొమ్మిదేళ్ల ముసలిదాన్ని చర్చి వాకిట్లో నిలబెట్టి ప్రమాణం చేయించావు.

కోపం పట్టలేక ఆ కవలలెవరో తేల్చుకుందామని బయలుదేరాను. మూడు ఊళ్లు తిరిగాను. ఇటుకల బట్టీలో పనిచేసే అనియో అనే పిల్ల నవంబరులో కవలల్ని కన్నది. (ఒకడు మగ, ఒకతె ఆడ. మీ వదినగారికి చెప్పు.) టీకాలకి తీసుకెళితే ఆమెను కూడా "ఎలిఫాజ్ గారూ" అని పిలిచి వెనక్కి పంపారట. "నేను టిండ్యేబ్వానట పిన్నీ, ఆయనెవరు?" అని నన్నే అడిగింది.

తమ్ముడూ, మేం ఇద్దరమే కాదు. అడుగుతూ పోతే ఏడుగురం తేలాం. కర్రపెండలం చెక్కేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, బట్టీలో ఇటుకలు మోసేవాళ్లు. అందరం ఆడవాళ్లమే, అందరం నువ్వే. మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కూర్చున్నాం. రాగి ముద్ద, వేరుశనగ పులుసు చేశాను. మమ్మల్ని మేం ఇప్పుడు టిండ్యేబ్వాలం అనుకుంటున్నాం.

కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి బయటపడింది. ఏడేళ్ల కిందట ఏడుగురం ఒకే రోజున, ఒకే బడి వరండాలో వేలిముద్రలు వేశాం. మబ్బు పట్టి ఉంది. యంత్రం తెచ్చిన లారీ నాలుగింటికి వెళ్లిపోతుందన్నారు. మా వేళ్లు మట్టికీ ఇటుకకీ అరిగి నున్నగా ఉన్నాయి, ఎంత నొక్కినా యంత్రం తీసుకోలేదు. అక్కడి గుమాస్తా చాలా మంచివాడు. పొడుగ్గా ఉన్నాడు, టోపీ పెట్టుకున్నాడు. పని చేస్తూ ఏదో చర్చి పాట పాడుకున్నాడు, మా భాష కాదు. ఒక్కొక్కరి వేలూ తన చేతిరుమాలుతో తుడిచి, "అయిపోయిందమ్మా, వాన వచ్చేలోపు ఇంటికెళ్లు" అన్నాడు. అనియో అప్పటికి పెళ్లికాని పిల్ల. "అంత మర్యాదగా నన్ను ఇంకే ఆఫీసు మనిషీ చూడలేదు" అంటుంది ఇప్పటికీ.

నువ్వు గుమాస్తాగా పనిచేశావు కదా. అతన్ని ఎలా వెతకాలో చెప్పు.

ఇట్లు,
ఏడుగురు టిండ్యేబ్వాల తరఫున
పెలజియా.

తా.క.: కవలలకి నీ పేరు పెట్టమని అనియోకి చెప్పాను. కాగితాల్లో ఎలాగూ నువ్వే కదా వాళ్ల అమ్మవి.

—

న్యాకిషోరో గుట్ట, కబాలే,
మార్చి 19.

అక్కగారికి,

ఇక ఈ విచారణలు చాలించండి. ఆ గుమాస్తాని వెతకడం వల్ల ఉపయోగం ఉంటుందని నేను అనుకోను. గుమాస్తాలు ఎంతోమంది. అందరికీ టోపీలుంటాయి.

కవలల విషయంలో తొందరపడి మాట అన్నాను. క్షమించండి.

ఒక్క చిన్న సందేహం. ఆ బడి వరండాకి పక్కన కూలిపోయిన గోడ ఉండేదా? ఆ రోజున అలా వేలు తుడిపించుకున్నవాళ్లు మొత్తం ఎంతమంది ఉంటారు? పేర్లు అక్కర్లేదు. లెక్క చాలు.

ఇట్లు,
ఎలిఫాజ్.

తా.క.: మఫ్తీవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఒక పటం తెచ్చారు. "మార్చి పదో తారీకు సాయంత్రం కుమిలో ఒక ఇంట్లో నువ్వొక్కడివే అయిదుగురుగా రహస్యంగా కూర్చున్నావు" అన్నారు. మీవాళ్లు ఫోన్లు వెంట తెచ్చుకున్నారు కాబోలు. "నాతో నేను కూర్చుంటే కుట్ర ఎలా అవుతుందండీ?" అన్నాను. "అది మాకూ అర్థం కావడం లేదు. అందుకే అనుమానం" అన్నారు.

—

ఒసియెరా, కుమి,
మార్చి 27.

తమ్ముడికి,

మొన్న ఆదివారం మళ్లీ కూర్చుని ఉండగా పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి, "మీలో టిండ్యేబ్వా ఎవరు?" అన్నాడు.

యంత్రం చెప్పిన మాట కాదంటే మళ్లీ ఏం కేసు పెడతారో అని ఏడుగురం చేతులెత్తాం.

"వేళాకోళమా? మీ నాయకుడెవరు?"

"టిండ్యేబ్వా."

"మరి మీరు?"

"టిండ్యేబ్వాలం."

పెద్దదాన్నని నన్ను స్టేషనుకి తీసుకెళ్లారు. పొద్దుగుంకేదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. సభలో కూజాలు ఎవరెవరు కొన్నారో పేర్లు చెప్పమన్నారు. దాహం వేసినవాళ్ల పేర్లు నేనేం అడుగుతాను తమ్ముడూ? చివరికి "టిండ్యేబ్వా (ఆడ)" అని రాసుకుని వదిలారు. అయిదుగురి ఫోన్లూ ఉంచేసుకున్నారు. ఇప్పుడు ఆ పిల్లలు మా ఇంటికి రావడానికి భయపడుతున్నారు. ఎదురుపడితే తలదించుకుని పోతున్నారు. ఇంతకాలం నేను ఎక్కడికి వెళ్లినా నా పనికోసం వెళ్లాననే అనుకున్నాను. నేను నడిచిన ప్రతి అడుగూ ఎవరో ఎక్కడో రాసుకుంటున్నారని తెలిశాక సంతకి బయలుదేరి గుమ్మం నుంచే వెనక్కి తిరుగుతున్నాను.

ఆ రోజు స్టేషను నుంచి తిరిగొచ్చేటప్పుడు మసకచీకట్లో దారి తప్పి కాలవలో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. డాక్టర్లు ఇంకో పదిహేను రోజులే ఉంటారు. ఆ తరవాత ఈ వైపు ఎప్పుడొస్తారో తెలియదట. ఈ కన్ను కూడా పోతే నేను కుండ తడుముకోవడం కాదు, మనుషుల్ని తడుముకోవాలి.

గోడ గురించి అడిగావు. ఉండేది, కూలిన గోడే. నేను నీకు ఆ సంగతి రాయలేదు. నువ్వెవరు తమ్ముడూ?

ఇట్లు,
పెలజియా.

తా.క.: మొత్తం ఇరవై ముగ్గురు. నువ్వు లెక్క చాలన్నావు కాబట్టి చెప్పాను.

—

న్యాకిషోరో గుట్ట, కబాలే,
ఏప్రిల్ 2.

అక్కా,

ఆ గుమాస్తాని నేనే.

మా భాషలో టిండ్యేబ్వా అంటే మరచిపోనివాడు అని అర్థం. సిగ్గుతో చెబుతున్నాను, నేను మరచిపోయాను. ఆఖరి ఏడాది సర్వీసులో నన్ను జిల్లాలన్నీ తిప్పారు. వరండాలన్నీ ఒకేలా ఉండేవి. మీ ఉత్తరంలో చేతిరుమాలు సంగతి చదివాక గానీ గుర్తు రాలేదు.

ఆ రోజు మీ ఎవ్వరి వేలూ యంత్రం తీసుకోలేదు. ముద్ర పడకపోతే ఆ ఫారం ముందుకి కదలదు. ఇరవై ముగ్గురు పొద్దుటినుంచి ఆకలితో కూర్చుని ఉన్నారు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. లారీ వెళ్లిపోతే మళ్లీ ఎన్నేళ్లకి వస్తుందో తెలియదు, కార్డు లేకపోతే మందు కూడా ఇవ్వరు. మీ వేలు తుడిచి యంత్రం మీద పెట్టించి, మీరు లేవగానే బల్ల చాటున నా బొటనవేలు పెట్టేవాణ్ణి. పచ్చదీపం వెలిగేది. పాపం, ఉపకారం చేస్తున్నాననుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి నా పాట కూడా పెద్దదైందని గుర్తు. అంత సంతోషంగా ఉన్నాను.

నిన్న జిల్లా నమోదు ఆఫీసుకి వెళ్లి అంతా ఒప్పుకున్నాను. అక్కడి అధికారి తలుపు వేసి, "మీరు నన్నేం రాసుకోమంటున్నారో ఆలోచించారా? నేను దీన్ని రాసుకుంటే ఇరవై ముగ్గుర్నీ జాబితాలోంచి కొట్టెయ్యాలి. కొత్త యంత్రాలు వచ్చేదాకా వాళ్లు అసలు లేనట్టే. ఇప్పుడైతే కనీసం మీరుగానైనా ఉన్నారు" అన్నాడు. నా కాగితం నాకే తిరిగిచ్చాడు.

కాబట్టి ఒక్కటే దారి. ఆ నంబరుకి పచ్చదీపం వెలిగించే వేలు నా దగ్గరుంది. గురువారం బస్సుకి వస్తున్నాను. ఆసుపత్రిలో నేనే వేలు పెట్టి, ఆపరేషన్ జరిగింది నాకు కాదని ఎదురుగా నిలబడి చెబుతాను. కెజియా కూడా వస్తోంది. మఫ్తీవాళ్లు వాళ్ల అన్న ఇంటికి కూడా వెళ్లి, "మీ ఆయనకి ఎంతమంది ఆడవాళ్లు?" అని అడిగారట. "ఇరవై ముగ్గురని ఆయనే చెబుతున్నాడు, వెళ్లి చూసొస్తాను" అంది.

ఇట్లు,
నీ వేలు దొంగ,
తమ్ముడు ఎలిఫాజ్.

తా.క.: మీ ఇరవై ముగ్గురూ నన్ను కొట్టదలుచుకుంటే కొట్టండి. ఆపరేషన్ అయ్యాక కొట్టండి. కుడి బొటనవేలు మాత్రం వదిలెయ్యండి.

—

ఒసియెరా, కుమి,
ఏప్రిల్ 21.

తమ్ముడు ఎలిఫాజ్‌కి,

స్టేషను నుంచి బయటపడి కంపాలా బస్టాండులో నువ్వు రాసి పంపిన చీటీ అందింది. చదివి కెజియా నేనూ నవ్వి నవ్వి ఏడ్చాం. ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు వేలు పెట్టగానే ఎర్రదీపం వెలిగిందని విన్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. మూడుసార్లు పెట్టావు, మూడుసార్లూ ఎరుపే. నీ మొహం తెల్లబోయిందని కెజియా చెప్పింది. అంతలో గేటు దగ్గరున్న మఫ్తీవాళ్లు నీ చెయ్యి పట్టుకున్నారు. "అక్కా, నన్ను క్షమించు" అని నువ్వు అరవడం వినిపించింది కానీ ఎటు తీసుకెళుతున్నారో కనిపించలేదు. ఆ వైపు ఊరికే చెయ్యి చాచి నిలబడ్డాను.

రిటైరయ్యాక ఆరేళ్లు గుట్ట మీద రాళ్లు పేర్చీ, బంగాళాదుంపలు తవ్వీ నీ వేలు కూడా మా వేళ్లలాగే నున్నబడిపోయిందని తరవాత అక్కడి కంటి డాక్టరమ్మ చెప్పింది. ఆ నున్నటి వేలే నిన్ను కాపాడింది చూశావా! స్టేషనులో కూడా ఎర్రదీపమే వెలిగితే, "నువ్వు టిండ్యేబ్వావి కాదు, ఇంటికి పో. అసలువాడు కనిపిస్తే కబురు చెయ్యి" అన్నారని రాశావు. చెయ్యకు.

నువ్వు వెళ్లాక జరిగింది చెబుతాను. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. కెజియా నా పక్కన కూర్చుంది. అంతవరకు నాతో ముభావంగా ఉన్న మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, గుమాస్తాని మీ భాషలో తిట్టడం మొదలుపెట్టింది. ఆ గొడవకి లోపలినుంచి డాక్టరమ్మ బయటికొచ్చింది. బిరుంగి అని పేరు. నా కనురెప్ప ఎత్తి చూసింది.

"ఇంత పండిన శుక్లం పెట్టుకుని ఈవిడ ఇన్నాళ్లు బయట ఎందుకు కూర్చుంది?"

"ఈవిడ ఎడమ కంటికి ఆపరేషన్ అయిపోయిందండీ" అన్నాడు గుమాస్తా.

"ఎవరు చెప్పారు?"

"యంత్రం చెప్పింది."

"కన్ను ఎదురుగా కనిపిస్తుంటే యంత్రాన్ని అడుగుతావేమయ్యా?"

"పచ్చదీపం వెలగందే ఆపరేషన్ గదికి చీటీ రాదు మేడమ్. కొత్త మనిషిగా ఎక్కించాలన్నా వేలిముద్ర కావాలి. ఈవిడకి ముద్రే లేదు."

డాక్టరమ్మ అతని చేత కొత్త మనిషిని ఎక్కించే ఫారం తెరిపించింది. తరవాత గుమాస్తాని టీ తాగి రమ్మని పంపేసింది. నా పక్కన వంగి, దూది తడిపి నా బొటనవేలు మెల్లగా తుడిచింది. ఆ తుడవడం ఎక్కడో ఎరిగినట్టే ఉంది తమ్ముడూ! "వద్దమ్మా, వద్దు! ఇలాగే మొదలైంది" అన్నాను.

"పెద్దమ్మా, కాసేపు అటు తిరగండి" అంది.

పచ్చదీపం వెలిగిందని కెజియా చెప్పింది.

మర్నాడు కట్టు విప్పారు. మొదట కనిపించింది కెజియా. నువ్వు ఏ ఉత్తరంలోనూ చెప్పలేదు, ఆవిడ ఇంత అందంగా ఉంటుందని. ఇంటికొచ్చి నేను చేత్తో తడిమి చేసిన కుండలు చూసుకున్నాను. అన్నీ వంకరే. కెజియా వాటిలో రెండు మీ ఇంటికి కావాలంటోంది, అనియో అయితే కవలల్ని తీసుకొచ్చి నాకు చూపించింది. ఆ పసివాళ్లు అప్పుడే ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటున్నారు.

కెజియా ఎప్పుడు తిరిగొస్తుందని అడిగావు. అడిగాను. "ఆయన టిండ్యేబ్వా కాదని సర్కారే తేల్చింది కదక్కా. మరి నేను ఇప్పుడు ఎవరింటికి వెళ్లాలి?" అంటోంది. నువ్వే వచ్చి తీసుకెళ్లు. మా ఇరవై ముగ్గురిలో నిన్ను కొట్టాలన్నవాళ్లు నలుగురే. భోజనం పెడతామన్నవాళ్లు పదకొండు మంది. మిగతావాళ్లు నిన్ను చూశాక నిర్ణయిస్తారట.

ఇట్లు,
ఇప్పుడు నువ్వు కూడా కాని
పెలజియా అక్క.

తా.క.: ఇది రాసి మడుస్తుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు, కొత్త కాగితంతో. మా ఊళ్లో డాక్టర్ బిరుంగి ఎవరని అడిగాడు. ఆవిడ ఒకే రోజున తన ఎడమ కంటికి తనే మూడుసార్లు ఆపరేషన్ చేసుకుని, మధ్యలో కవలలకి టీకాలు కూడా వేయించుకుందట. నేను చెయ్యి ఎత్తాలా వద్దా అన్నది వెంటనే రాయి. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, అంబలి తాగుతున్నాడు.